గుమ్మడికాయ ఒప్పుకుంది

అమ్మవారికి కుడివైపు పెట్టిన పువ్వు రాలితే అవునని, ఎడమవైపు పువ్వు రాలితే కాదని అందరికీ తెలిసిందే. అసలు ఏ పువ్వూ రాలకపోతే ఏమనుకోవాలన్నది హైమవతికి ఏళ్ళ తరబడి తీరని అనుమానం.

పుట్టింట్లో నాయనమ్మ, "రాలలేదంటే కాదనేనే, మళ్ళీ మళ్ళీ అడిగి అమ్మని విసిగించకు" అనేది. అత్తవారింట్లో ఆడపడుచు రాజ్యలక్ష్మి లెక్క వేరు. "అమ్మ అడ్డు చెప్పలేదంటే సరేనన్నట్టే" అని చెంగు దోపి పనిలోకి దిగిపోయేది. అదే అమ్మవారు, అదే నందివర్ధనం పువ్వు. పుట్టింట్లో కాదు, మెట్టినింట్లో అవును. హైమవతి ఆ ఇద్దరితోనూ ఎన్నడూ వాదించలేదు. రాలని పువ్వు వంక కాసేపు చూసి, "నీ మాట నాకు వినపడలేదమ్మా" అనుకుని, దణ్ణం పెట్టుకుని లేచేది.

ఆ అనుమానం పూజగదిలోనే ఉండిపోతే ఈ కథ లేదు. అది ఆమె వెంట ఆఫీసుకి వెళ్ళింది. అక్కణ్ణించి మళ్ళీ ఇంటికి తిరిగొచ్చి, మంచాన పడి ఉన్న మొగుడి తలదగ్గర కూర్చుంది.

హైమవతి పనిచేసే చోటు కాకినాడలో, పోర్టుకి పోయే దారిలో, ఒకప్పటి ఐసు ఫ్యాక్టరీ మేడమీద ఉండేది. కంప్యూటరుకి కోడు రాసే పిల్లలు పదిమంది లోపే. ఆవిడది కోడు రాసే పని కాదు, వాళ్ళు రాసినదాంట్లో తప్పులు వెతికే పని. డిగ్రీ తరవాత ఏదో చిన్న కోర్సు చేసి అందులో కుదురుకుంది. "అందరికీ నమ్మితే జీతం, మా హైమవతి గారికి నమ్మకపోతే జీతం" అని ఆఫీసుకి పెద్దయిన కిరీటి నలుగురిలో అంటుండేవాడు. మెచ్చుకోలుగానే అనేవాడు, అప్పట్లో.

వాళ్ళు చేసిన వస్తువు పేరు 'పలుకు'. చూడ్డానికి తలకి కట్టుకునే మెత్తని పట్టీ. లోపలివైపు చిన్న చిన్న రేకులు, వాటికి ఉప్పు కలిసిన జిగురు రాయాలి. పక్షవాతంతో నోరు, కాళ్ళు, చేతులు అన్నీ పడిపోయి, లోపల మనిషి మాత్రం మేలుకుని ఉంటాడే, అలాంటివాళ్ళ కోసం. పట్టీ కట్టి ప్రశ్న అడిగితే, మెదడులో మెదిలే అవునుని, కాదుని పసిగట్టి పైకి పలుకుతుంది. పలికేది కూడా ఏదో గొంతుతో కాదు. ఆ మనిషి పాత ఫోను మాటల నుంచి తీసి కూర్చిన అతని సొంత గొంతుతోనే.

హైమవతి భర్త ఉమాపతి సర్వే ఆఫీసులో పటాలు గీసేవాడు. ఆయనకి మాటలు తక్కువ, మౌనాలు ఎక్కువ. ఆ మౌనాలన్నీ హైమవతికి కొట్టినపిండి. మీసం దువ్వుకుంటూ ఊరుకుంటే సరేనని. కళ్ళజోడు తుడుచుకుంటూ ఊరుకుంటే ఆలోచిస్తున్నాడని. కాఫీ గ్లాసుని ఒక్క బెత్తెడు అవతలికి జరిపి ఊరుకున్నాడంటే ఇక ఆ విషయం మళ్ళీ ఎత్తకూడదని. అలాంటి మనిషి ఒకనాడు స్నానాల గదిలో కూలబడి, లేవలేదు. జరపడానికి గ్లాసూ లేదు, దువ్వుకోడానికి చెయ్యీ లేదు. మిగిలింది ఒకే ఒక్క మౌనం. దాన్ని ఆవిడ చదవలేకపోయింది.

అందుకే 'పలుకు' తయారవగానే మొట్టమొదట ఇంటికి తెచ్చుకున్నది ఆవిడే. పట్టీ కట్టి, చెయ్యి పట్టుకుని, "ఏవండీ, నేను తెలుస్తున్నానా?" అని అడిగింది. నాలుగు ఊపిరులు గడిచాయి. మంచం పక్కనున్న చిన్న పెట్టెలోంచి ఉమాపతి గొంతు, "అవును" అంది.

రాజ్యలక్ష్మి ఆ పూటే కొబ్బరికాయలు కొట్టింది. వీధిలో నలుగురినీ పిలిచి తమ్ముడి మాట వినిపించింది. ఆ తరవాత నెలలన్నీ ఆ ఇంట్లో మాటలే మాటలు. కాఫీ వేడిగా ఉందా? అవును. ఫ్యాను తగ్గించనా? అవును. నిన్న రాత్రి నిద్ర పట్టిందా? అవును. ఎప్పుడో ఒకసారి మాత్రం, కాదు. బతికున్న మనిషితో కాపురం చేస్తున్నట్టుంది హైమవతికి.

ఒకనాడు కూరలవాడు గుమ్మంలో కేకేస్తే, ఆవిడ లోపలినుంచే, ఊసుపోక, "ఏవండీ, కాకరకాయ వేపుడు చేసి మెత్తగా నూరి పెట్టనా?" అంది.

"అవును" అంది పెట్టె.

హైమవతి చేతిలో చేట అలాగే ఉండిపోయింది. కాపురానికి వచ్చిన కొత్తలో ఆవిడ ముచ్చటపడి కాకరకాయ చేస్తే, ఉమాపతి కంచాన్ని గోడదాకా జరిపాడు. ఆ తరవాత ఆ కూర ఆ ఇంటి గడప తొక్కలేదు. మనిషి జబ్బుపడ్డాక నాలుక మారుతుందేమో అని సరిపెట్టుకోబోయింది. మనసు సర్దుకోలేదు. పక్కన కూర్చుని, ఈసారి తాపీగా అడిగింది. "మీ పేరు కోటేశ్వరరావా?"

"అవును."

ఉమాపతి కళ్ళు పైకప్పు వంక చూస్తున్నాయి. గొంతు మాత్రం ఆయనదే, జలుబు చేసినప్పుడు వచ్చే ఆ చిన్న జీర కూడా ఆయనదే. హైమవతి పట్టీ విప్పి పక్కన పెట్టింది. మళ్ళీ కట్టడానికి చెయ్యి రాలేదు.

మర్నాడు ఆఫీసులో షరీఫ్ దగ్గర కూర్చుంది. 'పలుకు'కి ప్రాణంలాంటి కోడంతా అతనిదే. మంచివాడు, నోటి దురుసు, పని రాక్షసుడు.

"షరీఫ్, ఒక మాట అడుగుతాను. అవతలి మనిషి అవుననీ అనక, కాదనీ అనక ఉంటే, మన పెట్టె ఏమంటుంది?"

"అలా ఉండడు కదా అక్కా. ప్రశ్న వేశాక ఏదో ఒకటి అనుకుంటాడు కదా."

"నిద్రపోతున్నాడనుకో. ప్రశ్న వినలేదనుకో. మనసు ఎటో పోయిందనుకో."

షరీఫ్ కుర్చీలో వెనక్కి వాలాడు. "మొదట్లో ఏం జరిగిందో గుర్తుందా? మన క్యాంటీన్లో అందరికీ పట్టీలు కట్టి భోజనం పెట్టాం. మరికాస్త వెయ్యనా అని అడిగితే ప్రతివాడూ వద్దు వద్దు అని విస్తరికి చెయ్యి అడ్డం పెట్టేవాడు. లోపల మెదడేమో వెయ్యి వెయ్యి అంటుంది. పైకి చెప్పేదొకటి, లోపలిదొకటి. మన మొహమాటాలతో యంత్రం తల తిరిగిపోయింది. చివరికి తేలిందేమంటే, నిజమైన కాదు మాత్రం మెదడులో గట్టిగా కొడుతుంది. అవును నీరసంగా ఉంటుంది, దొరికీ దొరకనట్టు. అందుకని..."

"అందుకని?"

"కాదు అని గట్టిగా కొట్టకపోతే, అవును కింద లెక్కెయ్యమని కిరీటి సార్ చెప్పారు." షరీఫ్ నవ్వబోయి మానేశాడు. "మౌనం అర్ధాంగీకారం అన్నారుగా పెద్దలు, తక్కిన అర్ధం మనం వేద్దాం అన్నారు."

"మరి మా ఇంట్లో ఎప్పుడైనా కాదు అంటుందే, అది?"

అతను తెరమీద ఏవో గీతలు వెనక్కి జరిపి చూపించాడు. ఆ కాదులన్నిటి దగ్గరా ఒకే రకం గీత. "ఇది మెదడు కాదక్కా. దవడ బిగిసినప్పుడో, దగ్గినప్పుడో కండరం ఇలా కొడుతుంది." అంతసేపూ కబుర్లు చెప్పినవాడు ఆ తరవాత తల ఎత్తలేదు.

హైమవతికి అప్పుడు గుర్తొచ్చింది, ఇత్తడి గిన్నె.

'పలుకు' మొదలుపెట్టిన కొత్తలో కిరీటికి ఉత్సాహం ఎక్కువ. తెలియడమంటే ఏమిటో మనకే తెలియకుండా తెలుసుకునే యంత్రాన్ని ఎలా చేస్తామని, తర్కశాస్త్రం చెప్పే నరసింహావధానులు గారిని పిలిపించాడు. ఆయన శనివారాల్లో వచ్చి పిల్లలకి పాఠం చెప్పేవారు. వస్తూ వస్తూ భార్య అన్నపూర్ణమ్మ గారు మూతున్న ఇత్తడి గిన్నెలో ఇచ్చిన అటుకుల పులిహోర తెచ్చేవారు. పాఠానికి వచ్చేవాళ్ళలో సగం మంది పులిహోర కోసమే వచ్చేవాళ్ళు.

ఒక శనివారం ఆయన ఖాళీ గిన్నెని బల్లమీద పెట్టారు. "గిన్నె ఉంది. ఎలా తెలిసింది?"

"కనిపిస్తోంది కదండీ" అన్నాడు షరీఫ్.

గిన్నె తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. "ఇప్పుడు బల్లమీద గిన్నె లేదు. ఎలా తెలిసింది?"

"కనిపించట్లేదు కాబట్టి."

"బాగుంది." తలుపులు, కిటికీలు వేయించి, దీపాలు ఆర్పించారు. ఐసు ఫ్యాక్టరీ గోడలు మందం. కన్ను పొడుచుకున్నా కానరాదు. "ఇప్పుడు చెప్పండి, బల్లమీద గిన్నె ఉందా?"

"కనిపించట్లేదు. లేదు" అన్నారు పిల్లలు.

ఆ చీకట్లో బల్లమీంచి ఠంగుమని మోగింది. ఆయన గోటితో కొట్టారు.

దీపాలు వేశాక ఆయన తాపీగా అన్నారు. "వెలుతురున్న చోట కనిపించకపోతే లేనట్టు. చీకట్లో కనిపించకపోతే చీకటి ఉన్నట్టు, అంతే. లేదు అనే మాట చాలా బరువైనది నాయనా. అనేముందు, ఉంటే నాకు తెలిసేదేనా అని మనల్ని మనం అడగాలి."

పిల్లలు చప్పట్లు కొట్టారు. కానీ పెట్టుబడి పెట్టినవాళ్ళకి పని త్వరగా కావాలి. ఒకనాడు కిరీటి అందరినీ కూర్చోబెట్టి, "తర్కం మాష్టారి పాఠాలు ఇక చాలిద్దాం. ఎవరికైనా అభ్యంతరమా?" అన్నాడు. ఎవరూ నోరు విప్పలేదు. హైమవతి కూడా. "అయితే అందరూ ఒప్పుకున్నట్టే" అన్నాడు కిరీటి. ఆయన మరి రాలేదు. ఆ చివరి శనివారం గిన్నె మాత్రం హైమవతి దగ్గర ఉండిపోయింది. గిన్నెని ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు. ఏదో ఒకటి చేసి పట్టుకెళ్ళాలి. వెళ్తే, ఆయన మొహం చూసి ఏం చెప్పాలి? అలా వాయిదా మీద వాయిదా పడి, గిన్నె వంటింటి అలమరలో ఏళ్ళు గడిపేసింది.

ఇప్పుడు వాయిదాకి వీల్లేని పని ఒకటి వచ్చి పడింది. ఉమాపతి తలలో సన్నని తీగ పెట్టే ఆపరేషన్. పట్టీ బయటినుంచి వింటుంది, తీగ లోపలినుంచి వింటుంది. కుదిరితే వట్టి అవును, కాదులతో ఆగక నిండు వాక్యాలే మాట్లాడతాడు. కుదరకపోతే ఉన్న ఆ కాస్త ప్రాణమూ దక్కదు. ఆసుపత్రివాళ్ళ షరతు ఒక్కటే. రోగి తనంతట తాను ఒప్పుకోవాలి. శుక్రవారం పెద్ద డాక్టర్ల ఎదుట, 'పలుకు' ద్వారా, అతనే చెప్పాలి.

"చెప్తాడు, చెప్పకేం" అంది రాజ్యలక్ష్మి. "నిన్న నేనే పట్టీ కట్టి అడిగాను. ఒరే తమ్ముడూ, చేయించుకుంటావా అంటే, టక్కున అవునన్నాడు."

"కాకరకాయ కూడా అవునన్నారు వదినా."

"ఏం, మారకూడదా? మంచానపడ్డవాడికి ఏది పెడితే అదే అమృతం. నీకు ముందునుంచీ అనుమానం జాస్తి. ఇడ్లీపిండి పులిసిందంటే కూడా మూత తీసి చూస్తేగానీ నమ్మవు."

ఆ మాట నిజమే. హైమవతికి నవ్వొచ్చింది, నవ్వు వెనకే భయమూ వచ్చింది. ఇది పిండి కాదు. మూత తీస్తే లోపల ఏమీ లేకపోతే?

అమావాస్య వెళ్ళిన మర్నాడు ఆవిడ అందరికన్నా ముందు ఆఫీసుకి చేరింది. దిష్టికని గుమ్మానికి కట్టే బూడిద గుమ్మడికాయని ఆ పొద్దునే కొత్తది తెచ్చి వాచ్‌మన్ మూల పెట్టాడు, ఇంకా కట్టలేదు. దాన్ని చూడగానే ఆవిడ ఆగిపోయింది. తప్పులు వెతికే చేతికి అలవాటైన దురద అది. గుమ్మడికాయని బల్లమీద పెట్టి, పైన బూడిద తుడిచి, జిగురు రాసి, తనిఖీకని ఇంటినుంచి తెచ్చిన ఉమాపతి పట్టీ కట్టింది. చిన్న పిల్లాడికి టోపీ పెట్టినట్టుంది. పట్టీ సరిగా అంటుకున్నదీ లేనిదీ చూసే దీపం పచ్చగా వెలిగింది. గుమ్మడికాయలోనూ నీరే కదా ఉన్నది.

షరీఫ్ వచ్చేసరికి ఆవిడ ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది.

"ఏం చేస్తున్నారక్కా?"

"కూర్చో. నువ్వే అడుగు."

షరీఫ్ ఆవిడ మొహం చూసి హాస్యం కాదని గ్రహించాడు. గొంతు సవరించుకుని, ఆసుపత్రివాళ్ళు రాసిచ్చిన ప్రశ్ననే ఉన్నదున్నట్టు అడిగాడు. "ఈ ఆపరేషన్‌లో ప్రాణాపాయం ఉందని మీకు తెలుసా? తెలిసీ మీ ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటున్నారా?"

నాలుగు ఊపిరులు.

"అవును" అంది గుమ్మడికాయ, ఉమాపతి గొంతుతో.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. కాసేపయ్యాక షరీఫ్ మెల్లగా, "మళ్ళీ అడగనా?" అన్నాడు. "అడుగు" అందావిడ. మళ్ళీ అవునే.

కిరీటి వచ్చి చూసి ముందు నవ్వాడు, తరవాత ఎర్రబడ్డాడు. "ఏమిటిది హైమవతి గారూ? గుమ్మడికాయకి మెదడు లేదు. మనిషికుంది. దీనికీ దానికీ పోలికేమిటి?"

"పోలిక నేను పెట్టలేదండీ. మన యంత్రం పెట్టింది. దానికి ఇద్దరూ ఒకటే."

"మీవారు ఎంతోసార్లు కాదన్నారు కదా?"

"అవి దగ్గులు సార్" అన్నాడు షరీఫ్.

కిరీటి చెయ్యి తనకి తెలియకుండానే చొక్కా భుజాన్ని దులుపుకుంది. గుమ్మడికాయల దొంగ సామెత ముగ్గురికీ ఒకేసారి తోచినట్టుంది, ఎవరూ పైకి అనలేదు. అతను కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. మాట్లాడేసరికి గొంతులో అధికారం లేదు.

"మా నాన్న చివరి వారం ఏమీ మాట్లాడలేదండీ. నాన్నా, నేనే, చూస్తున్నావా అని అడుగుతూనే ఉన్నాను. ఒక్క ఊఁ అన్నా చాలనుకున్నాను. ఎవరి ఇంట్లోనూ అలా కాకూడదనుకున్నాను." తల ఎత్తి సూటిగా అడిగాడు. "మీరు ఈ మాట బయటపెడితే, మీవారు ఇన్నాళ్ళూ మీతో అన్న మాటలన్నీ పోతాయి. నేను తెలుస్తున్నానా అంటే అవునన్నారే, అది కూడా. మీకు ఆయన మాట అక్కర్లేదా?"

హైమవతి గుమ్మడికాయ మీది పట్టీ విప్పి చేతిలోకి తీసుకుంది. ఆ ఒక్క అవును మీదే ఆవిడ ఇన్నాళ్ళూ తెల్లారి లేస్తోంది.

"కావాలి" అంది చివరికి. "ఆయన మాటే కావాలి. మీరు వేసిన ఆ తక్కిన అర్ధం తీసేస్తే మిగిలేదేదో, అది చాలు. ఏమీ మిగలకపోతే, ఏమీ లేదని తెలియాలి."

షరీఫ్ ఇంటికి వెళ్ళకుండా కొత్త కోడు రాశాడు. రాస్తూ రాస్తూ మధ్యలో ఆగి, "అక్కా, అవధానులు గారు లైట్లు ఆర్పించారే, అదే ఇక్కడ తిరగేసి పెట్టాలి. ముందు లైటు వెలుగుతోందో లేదో చూడాలి" అన్నాడు. అలాగే పెట్టాడు. అసలు ప్రశ్నకి ముందు జవాబు తెలిసిన ప్రశ్నలు కొన్ని అడగాలి. మీ పేరు ఉమాపతా? మీ పేరు కోటేశ్వరరావా? మొదటిదానికి అవును, రెండోదానికి కాదు, రెండూ యంత్రానికి తేటగా వినిపిస్తేనే దానికి వెలుతురున్నట్టు. అప్పుడే అసలు ప్రశ్న. లేకపోతే అది మూడో మాట అనాలి. ఆ మూడో మాట ఏం పెట్టాలని షరీఫ్ అడిగితే, హైమవతి తడుముకోకుండా చెప్పింది. వినపడలేదు.

ఆ మాట కూడా ఉమాపతి గొంతుతో వద్దంది. అది ఆయన మాట కాదు, యంత్రం మాట. యంత్రం తన గొంతుతోనే ఒప్పుకోవాలి.

శుక్రవారం డాక్టర్లు వచ్చి మంచం చుట్టూ నిలబడ్డారు. కిరీటి గోడవారగా నిలుచున్నాడు. ముందురోజే డాక్టర్లకి ఉన్న విషయం తనే చెప్పుకున్నాడు. అది అతని మంచితనమో, షరీఫ్ ఎలాగూ చెప్పేస్తాడన్న భయమో హైమవతికి అంతుపట్టలేదు. పట్టీ కట్టింది.

"మీ పేరు ఉమాపతా?"

"వినపడలేదు" అంది పెట్టె, ఎవరిదీ కాని గొంతుతో.

మళ్ళీ అడిగారు. వినపడలేదు. జిగురు మార్చి అడిగారు. వినపడలేదు. రాజ్యలక్ష్మి ముందుకొచ్చి, తమ్ముడి చెంపలు రెండు చేతుల్లోకి తీసుకుని, "ఒరే, నేనురా, అక్కని" అంది. వినపడలేదు.

పెద్ద డాక్టరు ఆపరేషన్ లేదని చెప్పి వెళ్ళిపోయాడు. ఆయన కారు వీధి మలుపు తిరగకముందే రాజ్యలక్ష్మి విరుచుకుపడింది.

"చల్లగా ఉందా నీకు? పలికే మనిషి నోట్లో గుడ్డలు కుక్కావు. వాడి గొంతు వినిపించేది నాకు. నా తమ్ముడి గొంతు."

"గొంతు ఆయనదే వదినా. మాట ఆయనది కాదు."

"కాకపోతే కాకపోనీ. నేను నమ్ముకుని బతికేదాన్ని."

హైమవతి పట్టీ విప్పి రేకులమీది జిగురు తుడిచింది. తనూ అలాగే బతికింది.

దెబ్బ ఆ ఒక్క ఇంటితో పోలేదు. 'పలుకు' ఇంకా కొన్ని ఇళ్ళలో ఉంది. ఆ ఇళ్ళకి ఫోను చేసి చెప్పే పని ఎవరూ ముట్టుకోకపోతే హైమవతే పెట్టుకుంది. తునిలో మంచానపడ్డ తండ్రి అవునన్నాడని అన్నదమ్ములు ఒకసారి కొట్టుకుని ఇల్లు పంచుకున్నారు, ఇప్పుడు రెండోసారి కొట్టుకున్నారు. అమలాపురంలో ఒక తల్లి, మంచానపడ్డ కూతురు అవునన్నదని ఆ కూతురి బిడ్డని వేరేవాళ్ళ పెంపకానికి పంపింది. విషయం విని ఫోను పెట్టేసింది, మళ్ళీ ఎత్తలేదు. పెట్టుబడివాళ్ళు వెనక్కి తగ్గారు. పిల్లలు కొందరు వేరే ఉద్యోగాలు చూసుకున్నారు. కిరీటి ఉన్నవాళ్ళతోనే నెట్టుకొచ్చాడు. మీటింగుల్లో అభ్యంతరమా అని అడగడం మానేసి, ఒక్కొక్కరినీ పేరుపెట్టి మీరేమంటారు అని అడగడం మొదలుపెట్టాడు. నిజంగా మారాడా, మారినట్టు కనిపిస్తున్నాడా అని హైమవతి ఇప్పటికీ ఓ కన్నేసే ఉంచుతుంది.

ఇంట్లో మాత్రం మళ్ళీ ఒకే ఒక్క మౌనం. ఆవిడ రోజూ ఉమాపతికి స్నానం చేయించి, పట్టీ కట్టి, తెలిసిన ప్రశ్నలు అడిగేది. వినపడలేదు. పూజగదిలోకి వెళ్ళి దీపం పెట్టి, అమ్మవారికి పువ్వు పెట్టేది గానీ ఏమీ అడిగేది కాదు. దీపం వంక చూస్తూ ఒకనాడు అనుకుంది. ఏ పూజకైనా ముందు దీపమే ఎందుకు పెడతామో ఎవరూ చెప్పలేదు. అమ్మకి వెలుతురు మనమివ్వాలా? మన కంటికే అవసరమేమో.

షరీఫ్ ఆదివారాలు వచ్చి, రేకులు అటూ ఇటూ జరిపి, వినే తీరు మార్చి వెళ్ళేవాడు. "ఏదో ఒకటి చేసి పలికించకు. పలికితేనే పలకనీ" అని ఆవిడ ప్రతిసారీ హెచ్చరించేది. "మీరుండగా ఆ ధైర్యం ఎవరికక్కా" అనేవాడు.

వానలు పడ్డాక ఒక ఉదయం, స్నానమై, ఉమాపతి జుట్టు ఇంకా తడిగా ఉంది. కిటికీలోంచి కూరలవాడి కేక వినిపిస్తోంది.

"మీ పేరు ఉమాపతా?"

"అవును." గొంతు ఆయనది.

హైమవతి కదల్లేదు. కదిలితే చెదిరిపోతుందేమోనన్నట్టు అడిగింది. "మీ పేరు కోటేశ్వరరావా?"

"కాదు."

ఆయన దవడ వంక చూసింది. బిగియలేదు. దగ్గలేదు. అడగాల్సినవి ఎన్నో ఉన్నాయి. నేను తెలుస్తున్నానా? నొప్పిగా ఉందా? ఆపరేషన్ కావాలా? ఏది అడిగినా, వచ్చే జవాబుని తను నమ్మాలనుకుంటుంది. నమ్మాలనుకునే ప్రశ్న అడగకూడదు, ముందు.

"కాకరకాయ వేపుడు చేయనా?"

నాలుగు ఊపిరులు. ఐదో ఊపిరి.

"కాదు."

హైమవతి మంచం పట్టెమీద తల ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయింది. ఆ రోజుకి మరేమీ అడగలేదు. మర్నాడు అడిగితే వినపడలేదు. ఆ మర్నాడూ అంతే. తరవాత మరో ఉదయం, మళ్ళీ తలంటి ఆరకముందే, అవే ప్రశ్నలకి అవే జవాబులు. ఈసారి కాకరకాయ కాదు అన్నది మునుపటికన్నా గట్టిగా కొట్టిందని గీతలు చూసి షరీఫ్ చెప్పాడు. రాజ్యలక్ష్మి ఆ మాట విని, ఆ శుక్రవారం అలిగి తను వెళ్ళిపోయిన కూతురింటి నుంచి వచ్చి, గుమ్మంలోనే నిలబడి, "ఏమన్నాడు? కాదన్నాడా? ఆ కూర చిన్నప్పుడు కూడా వాడు పిల్లికి పడేసేవాడు" అని కొంగుతో మొహం తుడుచుకుంది.

ఆపరేషన్ సంగతి హైమవతి ఇంకా అడగలేదు. అడుగుతుంది. వెలుతురున్న ఉదయాలు ఇంకొన్ని చూసి, అడుగుతుంది.

ఆ శనివారం ఆవిడ వంటింటి అలమర తెరిచి, ఇత్తడి గిన్నెని చింతపండుతో తళతళలాడేలా తోమింది. అటుకుల పులిహోర కలిపి, నిండా పెట్టి, మూతపెట్టి గుడ్డలో కట్టింది.

అవధానులు గారి ఇల్లు పాత పెంకుటింటి వరసలో చివరిది. ఆయన అరుగుమీద పడక్కుర్చీలో ఉన్నారు. మనిషి వడలిపోయారు. కళ్ళు రెండిటిమీదా తెల్లని పొర కమ్మింది.

"ఎవరదీ?"

"నేనండీ, హైమవతిని. కిరీటి గారి ఆఫీసు."

"ఓ, వెతుకులాట అమ్మాయివా. రా తల్లీ, కూర్చో."

ఆవిడ కూర్చోలేదు. దారంతా కట్టుకొచ్చిన మాట ముందు చెప్పేసింది. "మిమ్మల్ని చాలిద్దామన్నప్పుడు నేనేమీ అనలేదండీ. ఒప్పుకున్నట్టు లెక్కేశారు."

ఆయన కాసేపు ఊరుకున్నారు. ఆ ఊరుకోవడం ఏమిటో ఆవిడకి తెలియలేదు. తరవాత ఆయన, "అడిగినవాడు వెలుతురులో అడగలేదులే" అన్నారు.

అన్నపూర్ణమ్మ గారు లోపలినుంచి వచ్చి మూట విప్పి, నోరు తెరిచారు. "ఇదా? ఇల్లంతా దులిపించాను దీనికోసం. పోయింది, లేదు, ఇక దాని మాట ఎత్తకండి అన్నాను. ఈయన వింటేనా? మనింట్లో కనిపించనంత మాత్రాన లేదనకే, ఎక్కడో పులిహోర తింటూ ఉంటుంది అనేవారు."

"మీ గిన్నె మా ఇంట్లోనే ఉండిపోయిందండీ" అంది హైమవతి. "ఇన్నాళ్ళకి తెచ్చాను."

అవధానులు గారు చెయ్యి చాపారు. అన్నపూర్ణమ్మ గారు గిన్నెని ఆయన ఒళ్ళో పెట్టారు. ఆయన మూతమీద, అంచుమీద, పొట్టమీద మెల్లగా చెయ్యి రాసి, గోటితో ఒక్కసారి కొట్టి చెవి ఒగ్గారు. నిండు గిన్నె కాబట్టి ఠంగుమనలేదు, కొంచెం బొంగురుగా, లోపల ఏదో ఉన్నట్టు మోగింది.

"ఉంది" అన్నారాయన.